ఉద్యోగం చేస్తూ చిన్న వ్యాపారం: నెలవారీ ఖర్చులపై గుంటూరు, విజయవాడ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో చిన్న వ్యాపారాల లెక్కలు చూడటం నా పని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పగలు ఉద్యోగమో ఇంటిపనో చూసుకుంటూ, మిగిలిన టైమ్‌లో పచ్చళ్లు, కారప్పొడులు, మంగళగిరి చీరలు, కేకులు, ట్యూషన్లు, వీడియో ఎడిటింగ్ లాంటివి నడుపుతుంటారు. "అమ్మకాలు బాగానే ఉన్నాయండీ, చేతిలో మాత్రం ఏమీ మిగలట్లేదు" అనే మాట అందరి నోటా వింటాను. పుస్తకం తెరిస్తే చాలాసార్లు కారణం ఒకటే కనిపిస్తుంది. అమ్మినా అమ్మకపోయినా కట్టి తీరాల్సిన ఖర్చులను మొదటి రెండు మూడు నెలల్లోనే నెత్తికెత్తుకుని ఉంటారు. అందుకే వాళ్లు అడిగే ప్రశ్నలనూ నేను చెప్పే జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను.

నెలవారీ ఖర్చు అంటే ఏవేవి లెక్కలోకి తీసుకోవాలి?

ఒక్క అమ్మకం కూడా జరగని నెలలో మీరు కట్టక తప్పనిది ఏదైనా నెలవారీ ఖర్చే. అద్దె, జీతం, కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ, ఈఎంఐ, చీటీ వాయిదా, నెట్ బిల్లు, యాప్‌ల చందా అన్నీ ఇందులోకే వస్తాయి. ఏడాదికోసారి కట్టేవాటిని, అంటే ట్రేడ్ లైసెన్స్, వెబ్‌సైట్ పేరు రెన్యువల్, ఇన్సూరెన్స్ లాంటివాటిని 12తో భాగించి నెల లెక్కలో కలపండి. అవి గుర్తుండవు కాబట్టే, డబ్బు లేని నెల చూసుకుని వచ్చినట్టు అనిపిస్తాయి.

ప్యాకింగ్ కవర్లు, కొరియర్, కమీషన్ లాంటివి వేరు. సరుకు కదిలితేనే ఆ ఖర్చు వస్తుంది. అవి లాభాన్ని తగ్గిస్తాయి గానీ, బేరాల్లేని నెలలో చేతి చమురు వదిలించవు. రెండింటినీ ఒకే పేజీలో కలిపి రాస్తే ఏది కొరుక్కు తింటోందో ఎప్పటికీ తెలియదు.

షట్టర్ తీసుకోవాలా? ఇంట్లోంచే నడపాలా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు కూడా డబ్బుల్లోనే చెప్పాలి. చీరలు అమ్మే వాళ్ల లెక్క ఒకటి ఉదాహరణగా వేద్దాం. సందులో చిన్న షట్టర్ అద్దె 8,000, కరెంటు 1,200, కూర్చునే అమ్మాయికి 7,000, నెట్ 600, బిల్లింగ్ యాప్ 300. మొత్తం 17,100. చీరకు సగటున 250 మిగులుతుందనుకుంటే, నెలకు 69 చీరలు అమ్మితే గానీ ఖర్చులు తీరవు. ఆ తర్వాత అమ్మే చీరతోనే మీ సంపాదన మొదలవుతుంది. శ్రావణంలో 69 పెద్ద లెక్క కాదు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిన నెలలో ఎన్ని పోతాయో మీ పాత లెక్కలే చెబుతాయి.

అదే వ్యాపారం ఇంట్లో ముందు గదిలో పెట్టి, మడత పెట్టి ప్యాక్ చేసే అమ్మాయికి చీరకు 20 చొప్పున ఇస్తే నెల ఖర్చు నెట్, యాప్ కలిపి 900కి దిగుతుంది. చీరకు 230 మిగిలినా నాలుగు చీరలతో ఖర్చు తీరిపోతుంది. షట్టర్ ఉంటే అమ్మకాలు పెరుగుతాయి కదా అంటారు. పెరగొచ్చు. కానీ ఆ పెరుగుదల దాదాపు 60-65 చీరలకు మించాలి. అంత పెరుగుతుందన్న ఆధారం మీ ఫోన్లోని ఆర్డర్లలో కనిపించేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దనే నేను చెబుతాను. బ్రాడీపేట, అరండల్‌పేట, గవర్నర్‌పేట లాంటి చోట్ల అద్దెతో పాటు ఏటా పెంపు కూడా ఉంటుంది. అది కూడా ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

దారిన పోయేవాళ్లు చూస్తేనే నడిచే వ్యాపారం నాది. అప్పుడేం చేయాలి?

అలాంటప్పుడు చోటు పంచుకోండి. ఫాల్, పికో కుట్టే టైలర్ షాపులో ఒక గోడకు చీరలు పెట్టుకోవచ్చు. సాయంత్రం పూటే నడిచే టిఫిన్ బండి వాళ్లు, పొద్దున మాత్రమే తెరిచే షాపు ముందు చోటు మాట్లాడుకోవచ్చు. ట్యూషన్ చెప్పేవాళ్లకు పగలు నడిచే ప్లేస్కూలు గది సాయంత్రం దొరికితే సగం అద్దెకే వస్తుంది. అద్దె కన్నా అమ్మకంలో శాతం ఇస్తామని అడగడం ఇంకా మంచిది. బేరాలు లేని నెలలో మీరూ తక్కువే ఇస్తారు. షాపు అసలు ఓనరుకు ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలియకపోతే అద్దెదారుతో పాటు మీరూ సామాను సర్దుకోవాల్సి వస్తుంది.

ఇంటి కరెంటు మీటరు మీదే నడపొచ్చా?

లాప్‌టాప్, బీరువాలో చీరలు, ఒక కుట్టుమిషన్ ఉన్నంతవరకు ఎవరూ పెద్దగా ఆలోచించరు. గ్రైండర్లు, ఓవెన్లు, డీప్ ఫ్రీజర్లు వచ్చి, బయట బోర్డు కూడా పెట్టాక అది వ్యాపార వాడకమే. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 ప్రకారం, ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ను ఇంకో పనికి వాడితే, ఆ వాడిన పనికి వర్తించే కేటగిరీ రేటుకు రెట్టింపు వసూలు చేయొచ్చు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. నెల నెలా మిగిలిందనుకున్నదంతా ఒక్క తనిఖీతో పోతుంది. మన కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి, వ్యాపారం నడిచే గదికి విడిగా మీటరు పెట్టించుకోవడం మేలు. ఇంటి వాడకం, వ్యాపారం వాడకం ఒకే మీటరులో కలిస్తే పచ్చడి సీసాకు కరెంటు ఎంత పడుతుందో కూడా తేలదు.

ఇప్పటికే కమర్షియల్ మీటరు ఉన్నవాళ్లు బిల్లులో 'కాంట్రాక్టెడ్ లోడ్' అని ఉన్న చోట చూడండి. ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ల లెక్కన పడుతుంది. ఒకప్పుడు ఏసీ, పెద్ద ఫ్రీజర్ ఉండి తర్వాత తీసేసినా, లోడ్ మాత్రం పాతదే ఉండిపోతుంది. తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వంట గ్యాస్ సంగతి?

ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరు వ్యాపారానికి వాడకూడదు. దానికి 19 కిలోల కమర్షియల్ సిలిండరు ఉంది. దాని ధర సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీకున మారుతుంటుంది. కాబట్టి కేజీ పచ్చడి ధర వేసేటప్పుడు కాస్త జాగా పెట్టుకోండి.

జీఎస్టీ నంబరు తీసుకోవాలా? తీసుకుంటే నెల నెలా ఖర్చేనా?

నంబరుకు ప్రభుత్వం ఫీజేమీ తీసుకోదు. ఆ తర్వాత వేయాల్సిన రిటర్నులే అసలు ఖర్చు. ఆంధ్రప్రదేశ్‌లో కేవలం వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే, సేవలు అందించేవాళ్లకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ లోపు ఉన్నవాళ్లు, నంబరు ఉంటే గౌరవంగా ఉంటుందని తీసుకోవడం నాకు నచ్చదు. ఒక్క అమ్మకం లేకపోయినా నిల్ రిటర్న్ వేయాలి. వేయకపోతే జీఎస్టీఆర్-3బీ అనే పన్ను రిటర్నుకు రోజుకు 20 రూపాయల లేట్ ఫీజు పడుతుంది. అమ్మకాలు ఉండి ఆలస్యమైతే రోజుకు 50.

ఇక్కడ మనవాళ్లు తరచుగా తప్పిపోయే విషయం ఒకటుంది. మనకు హైదరాబాద్ అంటే ఇప్పటికీ మన ఊరే. జీఎస్టీ లెక్కలో మాత్రం అది వేరే రాష్ట్రం. గుంటూరు నుంచి కారం, పచ్చళ్లు కూకట్‌పల్లికి పంపి అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. వస్తువుల విషయంలో అంతర్రాష్ట్ర అమ్మకానికి మామూలుగా 40 లక్షల మినహాయింపు వర్తించదు, రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. సేవలకు ఈ చిక్కు లేదు. విజయవాడ పటమటలో కూర్చుని హైదరాబాద్ క్లయింటుకు వీడియో ఎడిట్ చేసిచ్చేవాళ్లు 20 లక్షలు దాటేదాకా నంబరు లేకుండా ఉండొచ్చు. కాబట్టి వస్తువులు అమ్మేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది హైదరాబాద్ ఆర్డర్లు కావాలా వద్దా అన్నది. అవి నెలకు నాలుగైదే వస్తుంటే, వాటికోసం ఏడాది పొడవునా రిటర్నులు మోయడం గిట్టుబాటు కాదు. అమ్మకాల్లో సగం అక్కడివే అయితే నిశ్చింతగా నంబరు తీసుకోండి.

జీఎస్టీలోనే చిన్నవాళ్లకోసం కాంపోజిషన్ అనే సులువైన పద్ధతి ఉంది. అందులో తయారీదారులు, వ్యాపారులు టర్నోవర్‌పై 1 శాతం కడతారు. మూడు నెలలకోసారి కట్టి, ఏడాదికి ఒక రిటర్న్ వేస్తే చాలు. అయితే ఇందులో ఉన్నవాళ్లు వస్తువులను వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. అంటే మళ్లీ హైదరాబాద్ దగ్గరే ఆగుతాం.

అప్పుడే తీసేసుకున్నాను, అమ్మకాలు లేవు. ఏం చేయను?

అవసరం లేదని తేలితే పోర్టల్లో రద్దుకు దరఖాస్తు పెట్టండి. అప్పటివరకు నిల్ రిటర్నులు మానొద్దు. నిల్ 3బీని ఎస్ఎంఎస్ ద్వారా కూడా వేయొచ్చు, దానికి ఎవరికీ ఫీజు ఇవ్వక్కర్లేదు. ఉంచుకోవాలనుకుంటే, టర్నోవర్ 5 కోట్ల లోపు వాళ్లకు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే వీలుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టమంటున్నారు.

పక్క వ్యాపారానికి వద్దు. కంపెనీ పెడితే రూపాయి వ్యాపారం జరగకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, వార్షిక ఫారాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనం. సొంత పేరు మీద, సొంత పాన్‌తో నడిపే ప్రొప్రైటర్‌కు ఇవేవీ ఉండవు. బయటి పెట్టుబడి తీసుకునే రోజు వస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఎంత చెట్టుకు అంత గాలి.

ఉద్యమ్, ఎఫ్ఎస్ఎస్ఏఐ రెన్యువల్ అని ఫోన్లు వస్తున్నాయి. కట్టాలా?

ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్, అది పూర్తిగా ఉచితం. దానికి రెన్యువల్ అనేదే లేదు. రెన్యువల్ పేరుతో ఎవరు డబ్బు అడిగినా అది మోసమే. వెబ్‌సైట్ చిరునామా చివర ప్రభుత్వ డొమైన్ (gov.in) ఉందో లేదో చూసుకుని, ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుని మీరే చేసుకోవచ్చు.

తినే వస్తువులు అమ్మేవాళ్లకు, ఇంట్లో తయారు చేసినా సరే, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి. చిన్నవాళ్లకు ఉండే రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు చాలా తక్కువ. వేలల్లో అడుగుతున్నారంటే మిగిలింది మధ్యవర్తి చార్జీ. ఆ సంస్థదే అయిన ఫోస్కోస్ పోర్టల్లో మీరే దరఖాస్తు చేయొచ్చు.

నెల నెలా అకౌంటెంటుకు ఫీజు ఇవ్వడం అవసరమా?

నా వృత్తే ఇది, అయినా చెబుతున్నాను: జీఎస్టీ లేని చిన్న వ్యాపారానికి అవసరం లేదు. ఏడాదికోసారి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ సమయంలో వస్తే చాలు. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారులకు ప్రిజంప్టివ్ పద్ధతి, అంటే అమ్మకాల్లో ఇంత శాతాన్ని లాభంగా చూపే పద్ధతి ఉంది. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకాలపై 6 శాతం, నగదు అమ్మకాలపై 8 శాతం కనీస లాభంగా చూపిస్తారు. అసలు లాభం అంతకన్నా ఎక్కువైతే ఎక్కువే చూపాలి. కమీషన్ మీద నడిచే వ్యాపారాలకు ఇది వర్తించదు. జీతంలో టీడీఎస్ కోస్తున్నారు కదా అని ఊరుకోవద్దు. వ్యాపార లాభంపై అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగిసేలోపే కట్టే పన్ను) పడితే, ఈ పద్ధతిలో మార్చి 15 లోపు ఒకేసారి కట్టేయొచ్చు.

పన్నుకు అక్కర్లేకపోయినా, మీకోసం మాత్రం రోజూ రాసుకోండి. ఒక రూళ్ల పుస్తకం చాలు. ఎడమ పేజీలో అమ్మకం ఉంటేనే వచ్చే ఖర్చులు, కుడి పేజీలో ఎలాగైనా వచ్చే ఖర్చులు. బ్రాడీపేటలో పచ్చళ్లు పెట్టే ఒక అక్క పుస్తకం ఇలాగే ఉంటుంది. కుడి పేజీలో ప్రతి ఖర్చు పక్కనా ఎర్ర పెన్నుతో రెండు తారీకులు: ఒకటి కట్టాల్సింది, రెండోది వద్దనుకుంటే ఆపమని చెప్పాల్సిన ఆఖరి రోజు. చాలామంది దగ్గర ఆ రెండో తారీకే ఉండదు.

ఫోన్లో ఏవేవో యాప్‌లకు డబ్బు కట్ అవుతోంది. ఎలా ఆపాలి?

మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్తే ఎవరెవరికి అనుమతి ఇచ్చారో అంతా కనిపిస్తుంది. అక్కడే రద్దు చేయొచ్చు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ చదవకుండా తీసేయొద్దు. డాలర్లలో బిల్లు వేసే యాప్ అయితే విదేశీ కరెన్సీకి కార్డు వేసే అదనపు చార్జీ (మార్కప్), దానిపై జీఎస్టీ కూడా కలిసి తడిసి మోపెడవుతుంది.

మొదటి ఏడాదికి వాట్సాప్ బిజినెస్ యాప్, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీ, ఉచిత డిజైన్ యాప్ సరిపోతాయి. ఈ మూడూ ఉచితమే. ఏడాది ప్లాన్ చవకని ముందే కట్టేయొద్దు. మూడు నాలుగు నెలలు రోజూ వాడుతున్నారని తేలాక కట్టండి. వెబ్‌సైట్ పేరు కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా, రెన్యువల్ ధర ఎంతో పక్కనే చూడండి.

పేమెంట్ వచ్చిందని పైకి చెప్పే సౌండ్ బాక్స్ ఉండాలా?

కౌంటరు మీద రద్దీ ఉంటే ఉండాలి. ఇంట్లో రోజుకు నాలుగైదు పేమెంట్లు వచ్చేవాళ్లకు దాని నెల అద్దె దండగ. కాగితం మీద క్యూఆర్ అంటించుకోండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులకు వ్యాపారి నుంచి చార్జీ తీసుకోకూడదన్న నియమం 2020 జనవరి నుంచి ఉంది. కరెంట్ అకౌంట్ తెరిచేటప్పుడు మినిమమ్ బ్యాలెన్స్ ఎంతో, తగ్గితే ఎంత కోస్తారో రాతపూర్వకంగా అడగండి.

పార్సిళ్లకు ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

రాష్ట్రం లోపల ఆర్టీసీ కార్గోను మించింది తక్కువ. విజయవాడలో పండిట్ నెహ్రూ బస్టాండు, గుంటూరులో ఎన్టీఆర్ బస్టాండు నుంచి వేస్తే చాలా ఊళ్లకు మర్నాటికి అందుతుంది. ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కోసారి బండి వేసుకుని పోవద్దు. వారానికి రెండు రోజులు పెట్టుకుని, ఆ సంగతి కస్టమర్లకు ముందే చెప్పండి. పెట్రోలూ టైమూ మిగులుతాయి. పచ్చళ్లు నెలకు పెద్ద సంఖ్యలో పంపేదాకా కొరియర్ కంపెనీ నెలవారీ ప్లాన్ల జోలికి పోవద్దు.

సీజన్‌లో మిర్చి ఒకేసారి కొని పెట్టుకుంటే చవక కదా?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట బాగా వస్తుంది. అప్పుడు చూసి కొనడం మంచిదే. కానీ బయట ఉంచితే ఎండాకాలం తర్వాత రంగు తగ్గుతుంది, వానాకాలంలో బూజు, పురుగు భయం. కోల్డ్ స్టోరేజీలో పెడితే టిక్కీకి (మిర్చి బస్తాకు) ఇంతని అద్దె, తెచ్చినప్పుడల్లా హమాలీ, ఆటో. అప్పు చేసి కొంటే వడ్డీ వీటి మీద. పక్క వ్యాపారానికి మూడు నాలుగు నెలల సరుకు చాలనిపిస్తుంది. ఆవకాయ సీజనుకు కావాల్సినంత విడిగా కొనుక్కోండి.

మనిషిని జీతానికి పెట్టుకోవాలా?

పని రోజూ ఉంటేనే. లేకపోతే రోజు కూలీకో, ముక్కకు ఇంతనో మాట్లాడుకోండి. అయితే ఇక్కడ ఖర్చు తగ్గించడమంటే కూలీ తగ్గించడం అని అర్థం చేసుకోవద్దు. రేటు సరిగ్గా ఇచ్చి, అదే రోజు చేతిలో పెడితే శ్రావణం రద్దీలో పిలవగానే వస్తారు. కూలీ బాకీ పెట్టి మిగుల్చుకున్న డబ్బు ఏ లెక్కలోనూ లాభం కాదు. ఈఎస్ఐ సాధారణంగా 10 మంది, పీఎఫ్ 20 మంది ఉన్న సంస్థలకు వర్తిస్తాయి కాబట్టి ఒకరిద్దరితో నడిచేవాళ్లకు ఆ టెన్షన్ లేదు.

మీ ఇంట్లోవాళ్ల పని కూడా పుస్తకంలో రాయండి. అత్తగారు రోజూ మూడు గంటలు వెల్లుల్లి ఒలుస్తుంటే అది ఉచితం కాదు. రేపు ఆవిడకు ఓపిక లేకపోతే ఆ పనికి మనిషిని పెట్టాలి.

పెట్టుబడికి రోజువారీ ఫైనాన్స్ తీసుకోవచ్చా?

వద్దు. 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటారు. చూడటానికి వడ్డీ వెయ్యి రూపాయలే. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాది లెక్కన అది 75 శాతం పైనే పడుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. అదే భారమనుకునే మనం దీన్ని పట్టించుకోం. ముద్ర పథకంలో శిశు కింద 50,000 దాకా హామీ లేకుండా బ్యాంకులు ఇస్తాయి. చీటీ ఉంటే తొందరపడి మొదటి నెలల్లోనే ఎక్కువ తోసి పాడొద్దు. పాడాక ఆ వాయిదా మీ కుడి పేజీలో చివరిదాకా ఉంటుంది.

ఏ ఖర్చు తగ్గించకూడదు?

సరుకు ఇన్సూరెన్స్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచాయి. ఇళ్లలో నడిచే వ్యాపారాల మిషన్లు, బట్టలు, పిండి బస్తాలు అన్నీ నీళ్లపాలే. అగ్ని ప్రమాదం, వరద రెండింటికీ వర్తించే 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఉంది. చిన్న వ్యాపారులకోసమే పెట్టింది, జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర దొరుకుతుంది. ఇంట్లో సరుకు పెట్టుకున్న సంగతి ప్రపోజల్‌లో దాచకుండా రాయండి. దాంతోపాటు సరుకును నేల మీద కాకుండా ర్యాకుల్లో పెట్టండి, దానికి నెల నెలా ఖర్చు ఉండదు.

ప్రభుత్వ ఉద్యోగులు చేయొచ్చా?

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు ఉద్యోగులు ఆఫర్ లెటర్‌లో ఏం రాసి ఉందో చదువుకోండి.

వ్యాపారం ఆపేస్తే ఏవేవి మూసేయాలి?

షట్టర్ దించినా ఖర్చులు వాటంతట అవి ఆగవు. ఆటోపేలు రద్దు చేయండి. సౌండ్ బాక్స్ తిరిగిచ్చి రసీదు తీసుకోండి. కరెంట్ అకౌంట్‌కు మూసివేత అర్జీ ఇవ్వండి. కమర్షియల్ మీటరును ఇంటి కేటగిరీకి మార్చమని అడగండి, లేదా సర్వీసు రద్దు చేయించండి. ట్రేడ్ లైసెన్స్ ఉంటే ఆపేసినట్టు కార్పొరేషన్‌కు రాసివ్వండి. గ్యాస్ డిపాజిట్, షట్టర్ అడ్వాన్సు వెనక్కి తీసుకోండి. అడ్వాన్సు కోసం ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలో అగ్రిమెంటులో ఉంటుంది. జీఎస్టీ నంబరు రద్దు ఆర్డరు వచ్చాక మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఏడాది తర్వాత లేట్ ఫీజు నోటీసు వచ్చినప్పుడు గానీ గుర్తురాదు.